ఫార్స్ చరిత్ర చదవాలంటే గుడారాన్నీ టీ పొట్లాన్నీ పక్కపక్కన పెట్టుకోండి

ఇరాన్‌లో రెజా షా పాలన (1925–41) గురించి చదవడం మొదలుపెట్టినవాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. సంచార తెగల్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టిన కథ ఒక అధ్యాయంలో ఉంటుంది, టీ, చక్కెర, నల్లమందు, విదేశీ వ్యాపారం ప్రభుత్వ గుత్తలోకి, అంటే ప్రభుత్వం ఒక్కదాని చేతిలోకి, వెళ్ళిన కథ ఇంకెక్కడో ఆర్థిక వ్యవస్థ అనే అధ్యాయంలో ఉంటుంది. రెండిటినీ విడివిడిగా చదివేసి ముందుకెళ్ళిపోతాం. దక్షిణాన ఉన్న ఫార్స్ ప్రావిన్సు విషయంలో మాత్రం అలా చదివితే అసలు సంగతి చేజారిపోతుంది, ఎందుకంటే అక్కడ మంద నడిచే దారీ సరుకు నడిచే దారీ చాలాచోట్ల ఒకటే, ఆ దారి ఎవరి చేతిలో ఉండాలన్నదే గొడవంతా. రెండు అధ్యాయాల్నీ కలిపి ఎలా చదవాలో, నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను.

పుస్తకం తెరిచే ముందు మ్యాప్ తెరవండి. షిరాజ్‌ని మధ్యలో పెట్టుకుని, నైరుతి దిక్కున సముద్రం ఒడ్డున బూషెహర్ రేవుని గుర్తుపెట్టుకోండి. ఆ రెండిటి మధ్య కాజెరూన్ మీదుగా పోయే పాత బిడారు దారి జాగ్రోస్ కొండల్ని కోతల్ అనే నిట్టనిలువు కనుమల్లో దాటుతుంది, కోతలె పీరెజన్, కోతలె దోఖ్తర్ లాంటివి. కంచరగాడిదల మీద సరుకు ఎక్కించుకుని ఆ మెలికల్లో ఒకదాని వెనక ఒకటి ఎక్కాల్సిందే, పైన కొండ మీద పదిమంది తుపాకులతో కూర్చుంటే కింద బిడారు కదలదు. అందుకే దారి పొడుగునా ఉన్న ఖాన్లు, అంటే తెగల పెద్దలు, రాహ్‌దారీ అనే సుంకం వసూలు చేసుకునేవాళ్ళు. బదులుగా దారికి కాపలా కాసేవాళ్ళు, గిట్టకపోతే దోచుకునేవాళ్ళు కూడా.

ఇప్పుడు అదే మ్యాప్ మీద ఇంకో రంగు పెన్సిల్‌తో వలస దారులు గీయండి. టర్కిక్ భాష మాట్లాడే ఖష్కాయీలు చలికాలం ఫిరూజాబాద్ చుట్టుపక్కల, ఇంకా దక్షిణంగా ఉన్న వెచ్చటి నేలల్లో ఉండి, వసంతంలో మందలతో బయల్దేరి షిరాజ్ పక్కనుంచి ఉత్తరాన సెమిరోం దగ్గరి చల్లటి కొండలకి చేరేవాళ్ళు, శరదృతువులో మళ్ళీ కిందికి. ఇది వందల కిలోమీటర్ల నడక. ప్రావిన్సు తూర్పు వైపు ఖంసే అనే ఐదు తెగల కూటమి ఉంది: అరబ్, బాసెరీ, ఐనాలూ, బహార్లూ, నఫర్. ఈ కూటమి దగ్గర కాస్త ఆగండి. వేటికవిగా ఉన్న ఈ తెగల్ని 1861–62 ప్రాంతంలో, రెజా షాకి ముందు ఇరాన్‌ని ఏలిన ఖాజార్ వంశపు ప్రభుత్వం ఒకటిగా కట్టి షిరాజ్‌కి చెందిన ఖవామ్ అనే పెద్ద వ్యాపార కుటుంబం చేతికి అప్పగించింది. ఖష్కాయీలకు పోటీ బలం కావాలని ప్రభుత్వం కోరిక, తమ సరుకు క్షేమంగా రేవులకి చేరాలని ఖవామ్‌ల కోరిక. తెగల పాలన, వ్యాపారం అనే రెండు మాటల్నీ విడదీయకూడదని నేను గట్టిగా చెప్పేది దీన్ని చూసే.

మ్యాప్ అయ్యాక ఒక కాగితం తీసుకుని గుడారంలోకి ఏం వస్తుందో, గుడారంలోంచి ఏం పోతుందో రాసుకోండి. పోయేవి గొర్రెలు, ఉన్ని, నెయ్యి, కష్క్ అనే ఎండబెట్టిన పెరుగు ఉండలు, కతీరా జిగురు, ఆడవాళ్ళు నేసిన తివాచీలు. వచ్చేవి పిండి, ఖర్జూరం, బట్ట, లోహపు సామాను, టీ, చక్కెర. ఈ చివరి రెండిటి కింద గీత గీయండి. చక్కెర అప్పట్లో మన బెల్లం దిమ్మలా గట్టి కోను ఆకారంలో వచ్చేది, చిన్న గొడ్డలితో పగలగొట్టి ముక్కలు చేసి, ఒక ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా చిన్న గాజు గ్లాసులో టీ చప్పరించేవాళ్ళు. ఎంత పేద గుడారమైనా చుట్టం వస్తే టీ పెట్టాల్సిందే. అంటే టీ మీద, చక్కెర మీద పన్ను వేస్తే పన్ను గుమాస్తా ఎన్నడూ చేరలేని కొండమీది గుడారం నుంచి కూడా డబ్బు వస్తుంది. 1925లో సరిగ్గా అదే జరిగింది, టీ చక్కెరల మీద ప్రభుత్వ గుత్త చట్టం వచ్చింది, ఆ డబ్బుతో దేశానికి రైలు మార్గం వేస్తామన్నారు.

రైలు మార్గం పని 1927లో మొదలై 1938లో పూర్తయింది, దాదాపు 1,394 కిలోమీటర్లు, పర్షియన్ గల్ఫ్ నుంచి టెహ్రాన్ మీదుగా కాస్పియన్ సముద్రం దాకా. మీ మ్యాప్ మీద అది కూడా గీసి చూడండి. ఖూజెస్తాన్, లూరెస్తాన్ మీదుగా పోతుంది కానీ ఫార్స్‌ని అసలు తాకదు. పైగా సరుకంతా ఆ కొత్త దారికి మళ్ళి బూషెహర్ రేవు వ్యాపారం పడిపోయింది. ఫార్స్ గుడారాల్లో తాగిన ప్రతి గ్లాసు టీ ఆ రైలుకి పైసలిచ్చింది, ఫార్స్‌కి మాత్రం రైలు రాలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ ఆ కాలపు ప్రగతి లెక్కలు చూస్తే మొదట ఇదే గుర్తొస్తుంది.

తర్వాత చట్టాల్ని తేదీల వరుసలో పేర్చండి, తెగలవి ఒక నిలువు వరసలో, వ్యాపారానివి పక్క వరసలో. 1925లో నిర్బంధ సైనిక సేవ, పక్కన టీ చక్కెర గుత్త. 1928లో అందరూ ఒకే రకం టోపీ, కోటు వేసుకోవాలన్న చట్టం, పక్కన నల్లమందు గుత్త. 1931లో విదేశీ వ్యాపారం మొత్తం ప్రభుత్వ గుత్త అయింది. ప్రపంచ మాంద్యంలో వెండి ధర పడి ఇరాన్ డబ్బు విలువ పోవడం, పక్కనున్న సోవియట్ దేశం తన వ్యాపారమంతా ప్రభుత్వం ద్వారానే చేయడం దీనికి పెద్ద కారణాలు. తేదీలతో ఒక జాగ్రత్త. ఇరాన్ సౌర క్యాలెండర్ ఏడాదికి 621 కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ శీతాకాలంలో జనవరి మొదలయ్యాక పడే తేదీలకి 622 కలపాలి. విదేశీ వ్యాపార చట్టం 1309 ఎస్ఫంద్ నెలలో, అంటే ఆ ఏడాది చివరి నెలలో, వచ్చింది, అంటే 1931 ఫిబ్రవరి. 621 కలిపితే 1930 అయిపోయి మీ వరసంతా ఒక ఏడాది జరిగిపోతుంది. అలాగే 1937–38 తర్వాతి కాగితాల్లో ఫార్స్ అని వెతికితే కొన్నిసార్లు దొరకదు, ప్రావిన్సులకి అంకెలిచ్చారు కాబట్టి ఏడో ఒస్తాన్ (ప్రావిన్సు) అని ఉంటుంది. సెమిరోం ఇప్పుడు ఇస్ఫహాన్ ప్రావిన్సులో ఉంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఈ రెండు వరసలు కలిసే చోటు 1929. ఆ ఏడాది ఫార్స్‌లో పెద్ద తిరుగుబాటు లేచింది, ఖష్కాయీలతో పాటు ఖంసే తెగలు కూడా లేచాయి. కారణాల్లో ఆయుధాలు లాక్కోవడం, సైనిక సేవ, కొత్త బట్టలు, పన్నులు, సైనిక అధికారుల దౌర్జన్యం, ఖష్కాయీ పెద్ద సౌలతుద్దౌలాని టెహ్రాన్‌లో నిర్బంధించడం అన్నీ ఉన్నాయి. ఒక్క కారణం పట్టుకుని వేలాడకండి. దారులు మూసుకుపోయాయి, ప్రభుత్వం విమానాల్ని కూడా రంగంలోకి దించింది, చివరికి క్షమాభిక్ష ప్రకటించి రాజీ చేసుకుంది. ఆ రాజీ నిలవలేదు. సౌలతుద్దౌలా 1933లో టెహ్రాన్ జైల్లో చనిపోయారు.

ఆ తర్వాతే అసలు బలవంతపు స్థిరనివాసం ఊపందుకుంది. ఇక్కడ నెమ్మదిగా చదవండి. వలస ఆపేశారు, మేక వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలు తీసేయించారు, కాపరులు తప్ప మిగతావాళ్ళు కదలకూడదన్నారు. వేసవిలో వెచ్చటి నేలల్లో గడ్డి ఉండదు, చలికాలం ఎత్తు కొండల మీద మంచు, మంద ఏ ఒక్కచోట ఉన్నా చావడమే. బాసెరీలు ఈ కాలంలో మందల్లో పెద్ద భాగం పోగొట్టుకున్నారు. మంద పోయినవాడికి నెయ్యి లేదు, ఉన్ని లేదు, బజారులో మార్చుకోవడానికి ఏమీ లేదు, టీ చక్కెరేమో గుత్త ధరకి కొనాలి. అప్పుడు గల్ఫ్ ఒడ్డు నుంచి దొంగచాటుగా వచ్చే టీ చక్కెర వ్యాపారానికి ఆకర్షణ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రభుత్వ కాగితాల్లో దోపిడీ, దొంగరవాణా అని కనిపించిన ప్రతిచోటా ఆగి, ఇదే పని పదేళ్ళ కిందట చేస్తే ఏమనేవాళ్ళు అని అడగండి. చాలాసార్లు జవాబు మామూలు వ్యాపారం, లేదా రాహ్‌దారీ.

బాసెరీల వలస దారి మర్వ్‌దష్త్ మైదానం గుండా పోతుంది. అదే మైదానంలో 1935లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు, దాని చుట్టూ ఊరు పెరిగింది. మంద నడిచిన నేల చక్కెర దుంప పొలాలున్న మైదానం అయింది. ఒక చిన్న చోటుని దగ్గరగా చదవాలనుకుంటే నేనైతే మర్వ్‌దష్త్‌నే ఎంచుకోమంటాను.

ఏం చదవాలి అంటే, ఆ కాలపు బ్రిటిష్ కాన్సల్ నివేదికలు వివరాల గనులే, కానీ వాళ్ళ కన్ను బూషెహర్ దారి మీదా తమ వ్యాపారుల లాభం మీదా ఉంటుంది, తెగ శాంతంగా ఉందని రాస్తే దారి తెరిచి ఉందని అర్థం చేసుకోవాలి. ప్రభుత్వ రాతల్లో అంతా దేశ ఐక్యత, నాగరికత. గుడారాల్లో పుట్టి పెరిగినవాళ్ళు తర్వాతి కాలంలో చెప్పిన జ్ఞాపకాలు చదవకుండా మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి.

మన లంబాడీలు గుర్తొస్తారు, సహజమే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి, రైళ్ళు వచ్చాక బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్ళు. కానీ పోలిక ఎక్కువ దూరం లాగకండి. ఖష్కాయీలకి సొంత మందలతో పాటు వేల తుపాకులూ, షిరాజ్ రాజకీయాల్లో మాట చెల్లే ఖాన్లూ ఉన్నారు.

రెజా షా దిగిపోయిన 1941 సెప్టెంబరుతో పుస్తకం మూసేయకండి. సౌలతుద్దౌలా కొడుకు నాసెర్ ఖాన్ ఫార్స్‌కి తిరిగొచ్చారు, మిగిలిన మందలతో వలసలు మళ్ళీ మొదలయ్యాయి, 1943లో సెమిరోం సైనిక స్థావరం మీద ఖష్కాయీలు, బోయెర్ అహ్మదీలు అనే పొరుగు తెగవాళ్ళు దాడి చేశారు. అక్కడి నుంచి 1963లో పచ్చిక బయళ్ళ జాతీయీకరణ దాకా ఇవే రెండు వరసలు కొనసాగించండి, ఈసారి వ్యాపారం వరస పక్కన గడ్డికి ఇంకో వరస కావాలి.