ఫ్రెష్ ఈస్ట్ దొరకదు, దొరికితే పొంగదు: బెంగళూరు వంటింటికి సమస్య - పరిష్కారం

బ్రెడ్ చేయడం మొదలుపెట్టిన ఎవరికైనా కొన్నాళ్లకు ఫ్రెష్ ఈస్ట్ (పిండిని పొంగించే ఈస్ట్, పొడిగా కాకుండా తడి దిమ్మగా వచ్చేది) మీదికి మనసు పోతుంది. బన్నులు, పావ్, తీపి బ్రెడ్ లాంటి మెత్తటి రకాలకు అది నిజంగా బాగుంటుంది. పిండి తొందరగా కదులుతుంది, వాసన కూడా హాయిగా ఉంటుంది. అయితే నెలకు ఒక్కసారి బ్రెడ్ చేసే ఇంటికి నేరుగా పిండిలో కలిపే పొడి రకం, ఇన్‌స్టెంట్ ఈస్టే మేలని నా అభిప్రాయం. వారానికి కనీసం రెండుసార్లు ఓవెన్ వెలిగించేవాళ్లకే ఫ్రెష్ ఈస్ట్ కోసం తిరగడం గిట్టుబాటు.

కింద చెప్పిన సమస్యల్లో ముప్పాతిక వంతు ఒకే చోటికి వస్తాయి. అది వేడి. ఫ్యాక్టరీలో తయారైన దగ్గర్నుంచి మీ పిండిలో కలిసేదాకా ఆ ఈస్ట్‌కు ఎంత వేడి తగిలింది, కలిశాక పిండి ఎంత వేడిగా ఉంది అన్న రెండు ప్రశ్నలు ముందు వేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈస్ట్ అడిగితే పొడి ప్యాకెట్టే ఇస్తున్నారు

సూపర్‌మార్కెట్లలో, పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లలో సాధారణంగా ఉండేది డ్రై ఈస్టే. ఫ్రెష్ ఈస్ట్‌లో దాదాపు 70 శాతం నీరు ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు వారాలకు మించి గట్టిగా పనిచేయదు. పైగా ఎక్కువగా వచ్చేది 500 గ్రాముల దిమ్మ. ఇళ్లవాళ్లు కొనరని కిరాణా కొట్టువాళ్లు తెప్పించరు.

అందుకని బేకరీలకు సరుకు వేసే దుకాణాలకే వెళ్లాలి. శివాజీనగర్, చిక్‌పేట వైపు మైదా బస్తాలు, మార్గరిన్ డబ్బాలు, కేక్ అట్టపెట్టెలు అమ్మే కొట్లు ఉంటాయి. అక్కడ ఊరికే "ఈస్ట్" అంటే మళ్లీ పొడి ప్యాకెట్టే చేతిలో పెడతారు. "ఫ్రెష్ ఈస్ట్ ఇదెయా?" అని కన్నడంలో అడగండి, కంప్రెస్డ్ ఈస్ట్ అన్నా అర్థమవుతుంది. వెళ్లేముందు ఫోన్ చేసి, స్టాక్ ఏ రోజు దిగుతుందో కనుక్కోండి. దిగిన రోజునో మర్నాడో తెచ్చుకున్న దిమ్మకు, వారం ఆగి తెచ్చుకున్న దిమ్మకు చాలా తేడా ఉంటుంది.

ఇంకో దారి మీ వీధిలోని అయ్యంగార్ బేకరీ. 1898లో చిక్‌పేటలో మొదలైన బి.బి. బేకరీ దగ్గర్నుంచి ఈ ఊరికి ఆ సంప్రదాయం ఉంది, ఇప్పుడు ప్రతి పేటలోనూ ఒకటి కనిపిస్తుంది. అయితే బోర్డు ఉన్న ప్రతి షాపులోనూ బ్రెడ్ కాల్చరు, కొందరు వేరేచోట నుంచి తెప్పించుకుంటారు. వెనక భట్టీ ఉన్న షాపు చూసుకోండి. సాయంత్రం ఖారా బన్ను కోసం జనం ఎగబడే వేళ వదిలేసి, మధ్యాహ్నం తీరిగ్గా ఉన్నప్పుడు 50 గ్రాములు అడగండి. రోజూ వాడేవాళ్లు కాబట్టి వాళ్ల దగ్గర దిమ్మ పాతబడదు. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్లే బోలెడుమంది బ్రెడ్ చేస్తున్నారు. నలుగురు కలిసి ఒక దిమ్మ తెప్పించుకుని పంచుకుంటే ఎవరికీ వృథా కాదు.

కొన్నాక దాన్ని ఇంటికి చేర్చడం ఇంకో పని. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుంటే సంచిలోని ఈస్ట్ వేడెక్కుతుంది. అది ప్రాణమున్న పదార్థం, ఊపిరి తీసుకుంటూ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. ఐస్ ప్యాక్ వేసిన సంచి తీసుకెళ్లండి. ఐస్ నేరుగా తగలకుండా మధ్యలో ఒక గుడ్డ పెట్టండి.

దిమ్మ చూస్తే అనుమానంగా ఉంది

మంచి ఈస్ట్ లేత మీగడ రంగులో ఉంటుంది, కాస్త బూడిద ఛాయ ఉన్నా ఫర్వాలేదు. అంచు పట్టుకుని విరిస్తే పొడిపొడిగా, పెళుసుగా విరగాలి. విరిగిన చోట నున్నగా, తడి మెరుపు లేకుండా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే రవ్వలా రాలుతుంది, వేలికి జిగురులా అంటుకోదు. వాసన సన్నగా, పుట్టగొడుగుల వాసనకు దగ్గరగా ఉంటుంది.

అంచులు మాత్రమే ఎండి గోధుమరంగులోకి తిరిగితే గాలి తగిలిందని లెక్క. ఆ మేరకు గీకేసి, లోపలిది పరీక్షించి వాడుకోవచ్చు. మెత్తబడి ముద్దగా, జారుడుగా అయితే మాత్రం ఎక్కడో వేడి తగిలింది, ఈస్ట్ కణాలు తమను తామే కరిగించుకోవడం మొదలైంది. కుళ్లు వాసన, పచ్చని లేదా నల్లని బూజు కనిపిస్తే గీకడాలు వద్దు, మొత్తం పారేయండి. ప్యాకెట్ మీది తేదీ ఇంకా ఉంది కదా అని సర్దుకోవద్దు. చల్లగా ఉంచితేనే ఆ తేదీ చెల్లుతుంది.

నీళ్లలో కలిపితే నురగ రావడం లేదు

మొదటి అనుమానం నీళ్ల మీదే. 45 డిగ్రీలు దాటితే ఈస్ట్ నీరసిస్తుంది, 55-60 దగ్గర చచ్చిపోతుంది. మన ఇళ్లలో ఇది పాలతో ఎక్కువగా జరుగుతుంది. ప్యాకెట్ పాలు కాచి, పైన చల్లారినట్టు కనిపించగానే ఈస్ట్ వేసేస్తారు. మీగడ కింద పాలు ఇంకా వేడిగానే ఉంటాయి. బాగా కలిపి, థర్మామీటర్ ఉంటే 35 డిగ్రీలు చూసుకోండి. లేకపోతే మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడీ చలీ తెలియకూడదు.

రెండో సంగతి, ఫ్రెష్ ఈస్ట్ కొన్నిసార్లు డ్రై ఈస్టంత నురగ చూపించదు. నురగ తక్కువగా ఉందని పారేయకుండా ఈ పరీక్ష చేయండి. పావు చెంచా ఈస్ట్, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు, ముద్దకు సరిపడా మైదా కలిపి నిమ్మకాయంత ఉండ చేయండి. స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి ఉండను వదిలితే అడుక్కి పోతుంది. బతికున్న ఈస్ట్ అయితే కాసేపటికి ఉండ చుట్టూ చిన్న బుడగలు అతుక్కుంటాయి, ఒక పక్క లేస్తుంది, తర్వాత మొత్తంగా పైకి తేలుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలితే నిశ్చింతగా పిండి కలుపుకోండి. అరగంట దాటాక తేలితే ఈస్ట్ పాతబడింది, సగం ఎక్కువ వేసి ఈ రోజే వాడేయండి. తేలకపోతే ఆ దిమ్మ మీద ఆశ వదులుకోవాలి.

ఈస్ట్ బాగానే ఉంది, పిండి మాత్రం పొంగడం లేదు

డిసెంబరు, జనవరిల్లో ఇది మామూలే. రాత్రి 15-16 డిగ్రీలకు దిగే ఊళ్లో వంటింటి గట్టు, పిండి డబ్బా, స్టీలు గిన్నె అన్నీ చల్లగానే ఉంటాయి. ఓటీజీని (చిన్న కరెంటు ఓవెన్‌ను) ఆపి ఉంచి, లోపల ఒక గిన్నెడు వేడినీళ్లు పెట్టి, పక్కన పిండి పెట్టి తలుపు మూయండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

చలి లేకపోయినా పొంగకపోతే ఉప్పూ చక్కెరా చూడండి. అర కిలో పిండికి 10 గ్రాముల ఉప్పు చాలు. ఈస్ట్‌ను, ఉప్పును ఒకే చోట కుప్పగా వేసి వదిలేయకండి, ఉప్పు ఈస్ట్‌లోని నీళ్లు లాగేస్తుంది. చక్కెర పిండిలో పదో వంతు దాటితే ఈస్ట్ నెమ్మదిస్తుంది, అలాంటి తీపి బన్నులకు ఈస్ట్ రెట్టింపు వేయాలి. దాల్చినచెక్క పొడి కూడా ఈస్ట్‌కు అడ్డం, దాన్ని పిండిలో కలపకుండా పైన చల్లి చుట్టండి.

నీళ్ల మాట చాలామంది అడుగుతారు. కావేరి నీళ్లలో క్లోరిన్ ఉన్నా బేకరీ ఈస్ట్‌కు పెద్దగా ఏమీ కాదు. బోరునీళ్లు, ట్యాంకర్ నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటే మాత్రం పిండి బిగుసుకుని నెమ్మదిగా పులుస్తుంది. అలాంటి ఇంట్లో సగం బోరునీళ్లు, సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడండి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే వాడితే కొన్ని పిండ్లు జిగటగా వస్తాయి.

మొత్తం గోధుమపిండితో చేసేవాళ్లు రెట్టింపు పొంగు కోసం ఎదురుచూడకూడదు. తవుడు ముక్కలు పిండి సాగుడును తెంపుతాయి. ఒకటిన్నర రెట్లు పొంగితే అది తయారైనట్టే.

చూస్తుండగానే పొంగి, ఓవెన్‌లో కూలిపోతోంది, కల్లు వాసన

అన్నిటికంటే ఎక్కువ బ్రెడ్లను చెడగొట్టేది ఇదే. "ఈస్ట్ సరిగా లేదు" అని జనం అనుకునేదీ ఇక్కడే. నిజానికి ఈస్ట్ చక్కగా ఉండబట్టే ఇలా అవుతోంది.

యూరప్, అమెరికా వంటకాల్లో రాసే కొలతలు 20-22 డిగ్రీల వంటిళ్ల కోసం. అక్కడ గోరువెచ్చని నీళ్లతో కలపమంటారు, గంటన్నర ఆగమంటారు. ఏప్రిల్‌లో మన వంటింట్లో 32 డిగ్రీలు ఉన్నప్పుడు అదే కొలత, అదే సమయం పాటిస్తే పిండి పొంగాల్సిన హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దానికి తోడు బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అదే గ్యాసు పిండిని కాస్త ఎక్కువగా ఉబ్బిస్తుంది.

బేకరీవాళ్ల లెక్క ఒకటి నేర్చుకుంటే ఏ నెలలోనైనా పనికొస్తుంది. కలిపిన పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 26ను మూడుతో హెచ్చవేస్తే 78. అందులోంచి గది వేడి, పొడిపిండి వేడి తీసేయండి, మిగిలింది నీళ్లు ఉండాల్సిన వేడి. ఏప్రిల్‌లో గది 32, పిండి 31 అనుకోండి, నీళ్లు 15 డిగ్రీలు ఉండాలి, అంటే ఫ్రిజ్ నీళ్లే. డిసెంబరులో గది 22, పిండి 21 అయితే నీళ్లు 35, అంటే గోరువెచ్చనివి. మిక్సర్‌తో కలిపేవాళ్లు రాపిడి వేడి కోసం ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గించుకోవాలి.

ఈస్ట్ కూడా కాలాన్ని బట్టి మార్చండి. అర కిలో మైదాకు మామూలుగా 10 గ్రాముల ఫ్రెష్ ఈస్ట్ వేస్తాం. ఎండాకాలం 5-6 గ్రాములు చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో పులియబెట్టే పిండికి 3-4 గ్రాములు సరిపోతాయి, రుచి కూడా దానికే ఎక్కువ. చెంచా కొలతలతో ఇది కుదరదు, గ్రాములు చూపే చిన్న త్రాసు కొనుక్కోండి.

గడియారం బదులు పిండిని చూడండి. నిలువు గోడలున్న గాజు డబ్బాలో పిండి వేసి, దాని ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు పెడితే ఎంత పొంగిందో కళ్లకే తెలుస్తుంది. టిన్నులో రెండోసారి పొంగేటప్పుడు తడి వేలితో మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగం పూడితే వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. గుంట అలాగే ఉండిపోతే దాటిపోయింది. అప్పుడు కూడా పారేయక్కర్లేదు, గాలి తీసి, పలచగా పరిచి, నూనె రాసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర చల్లి కాల్చేయండి.

పిండి చేతికి అంటుకుంటూ జారిపోతోంది

నీళ్లు సరిగ్గా కొలిచినా ఇలా అయితే ఈస్ట్ పాతది కావచ్చు. చచ్చిన కణాల నుంచి గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికొస్తుంది, అది పిండిలోని సాగుడును వదులు చేస్తుంది. బాగా పాతబడిన ఈస్ట్‌ను మరీ ఎక్కువ వేసి సర్దుకుందామనుకుంటే జారుడు ఇంకా పెరుగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన ఈస్ట్‌తోనూ ఇదే తంటా. ఈసారికి పిండిని గిన్నెలోనే పావుగంటకోసారి నాలుగువైపులా మడిచి, టిన్నులో కాల్చండి. మళ్లీ చేసేటప్పుడు కొత్త ఈస్ట్ తెచ్చుకోండి.

కోసిన బ్రెడ్‌లో గోధుమరంగు చుక్కలు

ఈస్ట్ సరిగా కరగలేదు. కొలత నీళ్లలోంచే కొన్ని తీసుకుని, అందులో నలిపి కలిపాక పిండిలో పోయండి. ముక్కలుగా నేరుగా పిండిలో వేయాలంటే సన్నగా నలిపి, బాగా పిసకాలి.

మిగిలిన దిమ్మ నాలుగు రోజుల్లో పాడవుతోంది

ఫ్రిజ్ తలుపులో పెడితే పాడవ్వక ఏమవుతుంది? తెరిచిన ప్రతిసారీ వేడిగాలి తగిలేది దానికే. కింది అరలో, వెనక గోడ దగ్గర 2-4 డిగ్రీలు ఉండే చోట పెట్టండి. దిమ్మను బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో ఉంచండి. లోపల తడి చేరితే బూజు పడుతుంది, మూడు నాలుగు రోజులకోసారి కాగితం మార్చండి. తడి చేత్తో ముట్టుకోవద్దు. కరెంటు గంటలకొద్దీ పోయిన రోజున ఫ్రిజ్ తెరవకండి, మర్నాడు గ్లాసు పరీక్ష చేశాకే పిండి కలపండి.

ఫ్రీజర్ చివరి మార్గం. అందులో పెట్టక తప్పకపోతే, వచ్చిన రోజే 10 గ్రాముల ముక్కలు చేసి, విడివిడిగా చుట్టి పెట్టండి. నెలలోపు వాడేయండి, మూడో వంతు ఎక్కువ వేయండి.

దిమ్మ అయిపోయి, కొత్త స్టాక్ ఇంకా దిగకపోతే వంట ఆపక్కర్లేదు. 10 గ్రాముల ఫ్రెష్ ఈస్ట్‌కు బదులు ఇన్‌స్టెంట్ ఈస్ట్ అయితే మూడు మూడున్నర గ్రాములు నేరుగా పిండిలో కలపండి. యాక్టివ్ డ్రై అయితే నాలుగు గ్రాములు, ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి. పిండి కాస్త గట్టిగా అనిపిస్తే ఒక చెంచా నీళ్లు ఎక్కువ పోయండి.