రాస్ప్‌బెర్రీ పై మీద ఇంటి మైన్‌క్రాఫ్ట్ సర్వర్

అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై మీద, నలుగురు కలిసి ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆటకు సర్వర్ నడుస్తుందా అని అడిగేవారు సాధారణంగా ప్రాసెసర్ గురించే దిగులు పడతారు. నలుగురైదుగురు ఆడుకొనే ఇంటి సర్వరుకు ఆ ప్రాసెసర్ చాలు. నిజంగా ఇబ్బంది పెట్టేవి మెమరీ కార్డు, వేసవి వేడి, కరెంటు కోత, ఇంటర్నెట్ కనెక్షను తీరు. ఇక్కడ చెప్పేది కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్ సంగతి. ఫోనులో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడే పిల్లలు ఇందులో చేరాలంటే సర్వరులో గీజర్ అనే ప్లగిన్ కూడా ఉండాలి.

పై 4 అయినా పై 5 అయినా కనీసం 4 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు తీసుకోండి. పై 4కు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు, పై 5కు 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కావాలి. ఇంట్లో మూలన పడి ఉన్న ఫోను చార్జరుతో సరిపెడితే వోల్టేజీ తగ్గి, కారణం తెలియకుండానే బోర్డు నెమ్మదిస్తుంది. ఆట లోకాన్ని సర్వర్ నిరంతరం డిస్కుకు రాస్తూ ఉంటుంది కనుక ఎస్‌డీ కార్డు త్వరగా అరిగిపోతుంది. నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టుకు చిన్న ఎస్‌ఎస్‌డీ తగిలించి, లోకాన్ని దానిపై ఉంచడం మేలు. ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలకు చేరగానే బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రెంటచింతల ఎండల్లో, తలుపు మూసిన టీవీ అరలో, ఫ్యాను లేకుండా పెడితే ఆ గీత దాటడం కష్టమేమీ కాదు.

ఇమేజర్ ప్రోగ్రాముతో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్ రకాన్ని కార్డు మీద రాసుకోండి. డెస్క్‌టాప్ ఉన్న రకం వద్దు. తెరే లేని యంత్రంలో అది ర్యామ్ తినడం తప్ప చేసేదేమీ లేదు. రాసే ముందే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, దూరం నుంచే ఆదేశాలివ్వనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌ను అనుమతిస్తే, మిగిలిన పనంతా లాప్‌టాప్ నుంచే చేయవచ్చు. వైఫై కంటే రూటరుకు కేబుల్ కలపడం మంచిది. రూటర్ సెట్టింగులలో ఈ బోర్డుకు ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రసు దక్కేలా చూడండి.

తరువాత, సర్వర్ నడవడానికి కావలసిన జావా. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 నుంచి జావా 21 తప్పనిసరి అయింది. అంతకన్నా కొత్త వెర్షన్లకు ఏది కావాలో ముందే చూసుకోండి. సర్వర్ ప్రోగ్రాముగా మోజాంగ్ ఇచ్చే అసలు ఫైలు కన్నా పేపర్ అనే రకం చిన్న యంత్రాలకు బాగా నప్పుతుంది. విడిగా ఒక యూజరును సృష్టించి, ఆ పేరు మీదనే నడపాలి, అన్ని అధికారాలూ ఉన్న రూట్‌గా కాదు. మొదటిసారి నడపగానే అది ఆగిపోతుంది. లైసెన్సు షరతులకు ఒప్పుకోలు తెలిపే యూలా ఫైలులో ఫాల్స్ అని ఉన్నచోట ట్రూ అని మార్చి మళ్ళీ నడపండి. 4 జీబీ బోర్డులో జావాకు 2.5 జీబీ మించి ఇవ్వకండి. జావా ఆ లెక్కకు బయట కూడా కొంత మెమరీ వాడుకుంటుంది, మిగిలినది ఓఎస్‌కు కావాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది సర్వర్ ప్రాపర్టీస్ ఫైలులోని వ్యూ డిస్టెన్స్ మీద, అంటే ఆటగాడికి లోకం ఎంత దూరం వరకు కనిపించాలో చెప్పే అంకె మీద. మైన్‌క్రాఫ్ట్ సెకనుకు 20 టిక్కులతో, అంటే 20 చిన్న అడుగులతో నడుస్తుంది, కాబట్టి ఒక్కో టిక్కు పనికి 50 మిల్లీసెకన్ల గడువు. ఆ పనిలో ప్రధాన భాగం ఒకే కోర్ మీద పడుతుంది కాబట్టి బోర్డులో నాలుగు కోర్లున్నా ఆదుకునేది కొంతే. లోకం 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు గల చంకులుగా ఉంటుంది. వ్యూ డిస్టెన్స్ డిఫాల్టుగా 10 కనుక ఆటగాడి చుట్టూ 21 వరుసలలో 21 చొప్పున, అంటే 441 చంకులు సిద్ధంగా ఉండాలి. దానిని 6కు తగ్గిస్తే 169 చాలు. జంతువులు, పంటలు వంటివి ఎంత దూరం వరకు కదలాలో చెప్పే సిమ్యులేషన్ డిస్టెన్స్ 5 చేయండి. ఐదుగురు ఒకే ఊరు కట్టుకుంటూ ఉంటే వారి చంకులు కలిసిపోతాయి. ఐదుగురూ ఐదు దిక్కులకు పరుగెత్తితే బోర్డు రొప్పుతుంది. కొత్త నేలను పుట్టించడమే అన్నిటికన్నా బరువైన పని కాబట్టి, చంకీ ప్లగిన్‌తో ఒక రాత్రి కొంత మేర ముందే పుట్టించి పెట్టండి.

బయటి ఊరి బంధువులు చేరాలంటే రూటరులో ఆట వాడే 25565 టీసీపీ పోర్టును బోర్డుకు మళ్ళించాలి. ముందుగా రూటరు పేజీలో వాన్ ఐపీ, అంటే రూటరుకు బయటివైపు ఉన్న అడ్రసు, చూడండి: అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి అడ్రసును కంపెనీ చాలా ఇళ్ళకు పంచే పద్ధతి) వెనుక ఉన్నట్టు, ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఇది మామూలే. అప్పుడు టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్కు పెట్టుకోవడం సులభం. పోర్టు తెరవక్కరలేదు కనుక నిజానికి సీజీనాట్ లేనివారికీ నేను దీనినే సూచిస్తాను. ఏ దారి ఎంచుకున్నా పేర్లు చేర్చినవారినే రానిచ్చే వైట్‌లిస్ట్ ఆన్ చేసి, ఆటగాళ్ళ ఖాతాలను సరిచూసే ఆన్‌లైన్ మోడ్‌ను ట్రూగానే ఉంచండి, లేకపోతే ఎవరైనా మీ పేరుతోనే లోపలికి వస్తారు. 2021 డిసెంబరులో, సర్వర్ వాడే లాగ్‌ఫోర్‌జే అనే లాగు రాసే భాగంలో బయటపడిన లోపం ద్వారా, చాట్‌లో ఒక్క వాక్యం రాసి పాత సర్వర్లను వశం చేసుకోగలిగేవారు కనుక అప్‌డేట్లు వాయిదా వేయకండి.

సర్వరును సిస్టమ్‌డీ (ఓఎస్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి, ఆపే భాగం) సర్వీసుగా పెడితే బోర్డు వెలిగినప్పుడల్లా తానే మొదలవుతుంది, ఆపమన్నప్పుడు లోకాన్ని భద్రపరచి ఆగుతుంది. కరెంటు హఠాత్తుగా పోతే మాత్రం ఆ అవకాశం ఉండదు. రాస్తూ ఉన్న ఫైలు చెడితే ఆ ప్రాంతంలోని కట్టడాలు మాయమవుతాయి. 5 వోల్టులిచ్చే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. పవర్ బ్యాంకుతో సరిపెట్టుకుంటే, కరెంటు మారే క్షణంలో అది ఒక్కసారి మినుకుమన్నా బోర్డు రీబూట్ అవుతుంది.

బ్యాకప్ తీసేటప్పుడు కన్సోల్‌లో ముందు సేవ్ ఆఫ్, ఆపై సేవ్ ఆల్ ఫ్లష్ ఆదేశాలిచ్చి, వరల్డ్ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్లన్నీ వేరే డిస్కుకు కాపీ చేసి, చివర సేవ్ ఆన్ ఇవ్వండి. నెలకొకసారి ఆ కాపీని లాప్‌టాప్‌లో మరో సర్వరుగా తెరిచి, పిల్లలు కట్టుకున్న ఇళ్ళు అందులో కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.