ఆకురాలు కాలంలో ఆటలు, అంకెలు: మూడవ పాఠం

గత పాఠంలో ఏరి ఆరబెట్టిన ఆకులు, పైన్ కాయలు, ఓక్ కాయలు ఈ పాఠానికి కావలసిన సామగ్రి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత వీటిని లెక్కపెట్టించడమే మన ఉద్దేశం. అయితే కొత్త వస్తువు చేతికిచ్చిన వెంటనే ‘ఎన్నున్నాయో చెప్పు’ అని అడిగితే పిల్లల ధ్యాస వస్తువు మీదే ఉండి, అంకెలు నోటి నుంచి మాత్రమే వస్తాయి. అందుచేత ముందు తాకనివ్వాలి, లెక్క ఆ తరువాత.

ముందుగా ఒక జాగ్రత్త. సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డుపడవచ్చునని ఆటవస్తువుల భద్రతా ప్రమాణాలు పరిగణిస్తాయి. నేనైతే ఇంకాస్త పెద్ద కొలతే పెట్టుకుంటాను. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే ఓక్ కాయలను పక్కన పెట్టి, పెద్ద పైన్ కాయలతోనే పని నడపండి. హార్స్ చెస్ట్‌నట్ గింజలు చూడముచ్చటగా ఉన్నా తింటే విషం కాబట్టి వాటిని అసలు ఏరవద్దు.

వెడల్పాటి పళ్లెంలో ఎండుటాకులను, అప్పుడే రాలిన తడి ఆకులను చెరొక వైపు పోసి, కాసేపు ఏ ప్రశ్నా వేయకుండా పిల్లలను వాటితో ఆడుకోనివ్వండి. ఎండుటాకు గలగలలాడి పిండి అవుతుంది, తడి ఆకు వంగుతుందే గాని విరగదు. ఈ తేడా వేళ్లకు తెలిసిన క్షణంలోనే ‘పెళుసు’, ‘మెత్తన’ అన్న మాటలు అందిస్తే అవి నిలుస్తాయి. రంగుల సంగతి అడిగితే, పచ్చరంగునిచ్చే పత్రహరితం తరిగిపోయి అడుగున దాగిన పసుపు బయటపడుతుందని చెప్పవచ్చు. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పుడే కొత్తగా తయారవుతుంది. విచ్చుకున్న పైన్ కాయను నీళ్లగిన్నెలో వేస్తే కొద్ది గంటల్లో ముడుచుకుంటుంది, ఆరాక మళ్లీ విచ్చుకుంటుంది. పొలుసులోని పొరలు తేమకు ఒకే రీతిగా ఉబ్బకపోవడమే దీనికి కారణం.

ఇక లెక్క. ఐదు ఓక్ కాయలను గుండ్రంగా పేర్చితే, ఎక్కడ మొదలుపెట్టారో మరచి, మొదటి కాయను రెండోసారి కూడా లెక్కించి ‘ఆరు’ అనే పిల్లలు ఎక్కువ. వరుసగా పేర్చి, ఒక్కొక్క కాయను తాకి, అంకె పలికి, గిన్నెలో వేయమంటే ఈ తడబాటు చాలావరకు పోతుంది, ఎందుకంటే లెక్కించినవీ మిగిలినవీ కంటి ముందే వేరుపడతాయి.

గిన్నెలో వేయడం పూర్తయ్యాక ‘మొత్తం ఎన్ని?’ అని అడగండి. కొందరు జవాబు చెప్పకుండా మళ్లీ ‘ఒకటి, రెండు...’ అని మొదలుపెడతారు. చివర పలికిన అంకే మొత్తం సంఖ్య అన్న సంగతి వారికింకా పట్టుబడలేదన్నమాట. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో వివరించిన ఐదు లెక్కింపు సూత్రాలలో ఇదొకటి. పది వరకు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ‘నాకు నాలుగు ఇవ్వు’ అంటే గుప్పెడు తీసి ఇవ్వడం మామూలే. అప్పుడు తప్పని చెప్పకుండా, ‘నాలుగున్నాయేమో చూద్దాం’ అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, ఎక్కువైనవి వెనక్కి పెట్టండి. చూపుతోనే పోల్చుకోగలిగే రెండు, మూడు కాయలతో ఈ అడుగుడు ఆట మొదలుపెట్టి, మూడు తడుముకోకుండా ఇవ్వగలిగిన తరువాతనే నాలుగుకు వెళ్లాలి. పది దాకా తొందరగా చేర్చాలన్న ఆత్రం ఇక్కడ పనికిరాదు.

వరుసను రెండో కొస నుంచి కూడా ఒకసారి లెక్కపెట్టించండి. సంఖ్య మారకపోవడం చూసి కొందరు నిజంగానే ఆశ్చర్యపోతారు.

వచ్చే పాఠంలో ఐదు పెద్ద ఆకులనూ ఐదు చిన్న ఆకులనూ పక్కపక్కన పరచి ‘ఏవి ఎక్కువ?’ అని అడుగుతాం. అందుకోసం రెండు పరిమాణాల ఆకులను ఇప్పుడే కాగితాల మధ్య పెట్టి, పైన బరువు ఉంచండి.