రవీంద్రభారతికి వెళ్లే రోజును కుదుర్చుకోవడం ఎలా

హైదరాబాదులో రవీంద్రభారతి కళామందిరానికి చాలామంది సాయంత్రం కార్యక్రమం మొదలయ్యే వేళకు వస్తారు, అది ముగియగానే వెళ్లిపోతారు. నిజాముల నాటి తోట, ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం, పాలరాతి గుడి, ఇవన్నీ ఆ భవనానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది సరిగా నిర్ణయించుకుంటే ఒక్క రోజులో అన్నీ తీరికగా చూడవచ్చు.

ముందుగా ఆ రోజు ఏ కార్యక్రమం ఉందో తెలుసుకోవాలి. దినపత్రికల నగర సంచికల్లో ఆనాటి సభలు, నాటకాలు, నృత్య ప్రదర్శనల వివరాలు వస్తాయి. సాంస్కృతిక సంస్థలు నిర్వహించే సభలకు చాలావరకు ప్రవేశం ఉచితమే. శుక్రవారం మ్యూజియానికి సెలవు కనుక, రెండూ చూడదలచినవారు వేరొక రోజును ఎంచుకోవాలి. మరమ్మతుల వంటి కారణాలతో గదులు మూసి ఉండే అవకాశమూ ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి విచారించుకోవడం మేలు.

ఎండ ముదరకముందే నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరంతో మొదలుపెట్టాలి. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఈ వేంకటేశ్వరాలయం పూర్తిగా తెల్లని పాలరాతి కట్టడం. ధ్యానానికి అనువుగా నిశ్శబ్దం ఉండాలన్న ఉద్దేశంతో ఇక్కడ గంటలు కట్టలేదు. గుడిలో అడుగుపెట్టగానే తెలిసే తేడా అదే. ఫోన్లను, కెమెరాలను లోపలికి అనుమతించరు. మధ్యాహ్నం గుడి కొంతసేపు మూసి ఉంటుంది, పైగా ఆ వేళకు బయటి రాళ్లు కాలిపోతుంటాయి. పిల్లలు వెంట ఉంటే అదే గుట్టమీద 1985లో ప్రారంభమైన ప్లానిటోరియాన్నీ, పక్కనే ఉన్న విజ్ఞాన ప్రదర్శనశాలనూ చూపించవచ్చు.

భోజనానికి లక్డీకాపూల్ వైపు దిగడం అనుకూలంగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఉన్న కర్ర వంతెన వల్ల ఆ పేరు వచ్చింది. ఇప్పుడు వంతెన లేదు, పేరు మాత్రం మెట్రో స్టేషన్ దాకా వచ్చింది.

మధ్యాహ్నం మొదట పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియానికే వెళ్లాలి, ఎందుకంటే సాయంత్రం ఐదు గంటలకల్లా అది మూతపడుతుంది. అక్కడ 2,000 సంవత్సరాలకు పైబడిన ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. అందరూ నేరుగా దాని దగ్గరికే వెళతారు. నా మటుకు నాకు అజంతా చిత్రాల నకళ్లున్న గదిలోనే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. ఆనాడు అజంతా నిజాం రాజ్యంలోనే ఉండేది కనుక అక్కడి చిత్రాలకు చిత్రకారులతో ప్రతులు వేయించడం సాధ్యమైంది. కనీసం గంటన్నర సమయం పెట్టుకుంటే శిల్పాలనూ నాణేలనూ కూడా చూడవచ్చు.

బయటికి వచ్చాక తోటలో జూబిలీ హాల్ మీదుగా నెమ్మదిగా నడవండి. 1913లో టౌన్‌హాల్‌గా పూర్తయిన తెల్లని గుమ్మటాల భవనమే పాత శాసనసభ. దానిని బయటి నుంచే చూసి తృప్తిపడాలి. ఎదురుగా గన్‌పార్కులో ఉన్నది 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు అర్పించినవారి స్మారక స్తూపం. శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన ఆ స్తూపం దగ్గర కాసేపు ఆగి, రోడ్డు దాటేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

ఇక రవీంద్రభారతి. విశ్వకవి రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సందర్భంగా నిర్మించిన ఈ మందిరం 1961లో ప్రారంభమైంది. వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. ప్రధాన మందిరమే కాక, ప్రాంగణంలో కరీంనగర్‌కు చెందిన హిందీ నటుడు పైడి జైరాజ్ పేరిట చిన్న ప్రివ్యూ థియేటర్ కూడా ఉంది. అక్కడ లఘుచిత్రాలు ప్రదర్శిస్తుంటారు.

ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని ఉంటే ఆరుకే వెళ్లండి, అయితే ఉపన్యాసాలకూ సన్మానాలకూ సిద్ధపడి వెళ్లండి. శాలువాల కార్యక్రమం ముగిశాకే గజ్జెలు మోగడం ఇక్కడ పరిపాటి. కూచిపూడి ప్రదర్శనకైతే మధ్య వరుసల్లో కూర్చోవడం మంచిది. మరీ ముందు కూర్చుంటే వేదిక ఎత్తు అడ్డొచ్చి, తరంగంలో ఇత్తడి పళ్లెం మీద కదిలే పాదాలు సరిగా కనిపించవు. పద్యనాటకానికైతే ముఖకవళికలు కనబడేంత దగ్గరగా కూర్చుంటేనే రక్తి కడుతుంది.

ప్రదర్శన ముగిశాక ఓపిక ఉన్నవారు ఆటోలో మొజంజాహి మార్కెట్‌కు వెళ్లి, 1935 నాటి ఆ రాతి కట్టడం ముందు ఐస్‌క్రీం తినవచ్చు. నేరుగా ఇల్లు చేరదలచినవారికి అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర. చివరి రైలు ఎన్ని గంటలకో లోపలికి వెళ్లేముందే చూసి పెట్టుకోవాలి.