వచనం దగ్గర ఆగి చదవడం: వ్యక్తిగత బైబిలు ధ్యానానికి కొన్ని సూచనలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మా ఒంగోలు ప్రాంతపు సంఘాల్లో చాలాచోట్ల ఒక్కో బైబిలు వచనం ఉన్న వాగ్దానపు కార్డులు ఇస్తారు. ఎవరికి వచ్చిన కార్డును వారు భద్రంగా తీసుకువెళ్లి, ఏడాది పొడుగునా బైబిల్లోనో ఫోను కవరు వెనుకనో దాచుకుంటారు. ఆ కార్డుల్లో తరచుగా కనిపించేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనీ, రాబోవు కాలంలో నిరీక్షణ కలుగుతుందనీ అది చెబుతుంది. ఈ ఆచారాన్ని నేను తప్పుపట్టను. ఒక్క వచనాన్ని పట్టుకుని గడ్డుకాలం దాటిన కుటుంబాలను నేనెరుగుదును. కాని కార్డు దగ్గరే ఆగిపోతే ఆ వాగ్దానంలోని లోతు మనకు అందదు. వ్యక్తిగత ధ్యానం మొదలుపెట్టాలనుకునేవారు ఈ సంవత్సరం తమకు వచ్చిన కార్డుతోనే మొదలుపెట్టవచ్చు.

చేయవలసిన మొదటి పని, ఆ వచనం ఉన్న అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం. యిర్మీయా 29వ అధ్యాయం నిజానికి ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి ప్రవక్త రాసి పంపినది. ఇళ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలములను అనుభవించుడి అని 5వ వచనంలో ఉంది. ఉన్న పట్టణపు క్షేమం కోరి దానికోసం ప్రార్థించమని 7వ వచనంలో ఉంది. తిరిగి రావడానికి 70 సంవత్సరాలు పడుతుందని 10వ వచనం స్పష్టంగా చెబుతుంది. అంటే ఆ ఉత్తరాన్ని విన్న పెద్దవారిలో అనేకులు తమ ఊరిని మళ్లీ చూడబోరన్నమాట. అది తెలిసిన తర్వాత 11వ వచనాన్ని చదివి చూడండి. అదే మాట బరువెక్కి వినిపిస్తుంది. కనిగిరి, దర్శి వైపునుంచి బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లి, ఇతరుల ఇళ్లు కడుతూ తాము రేకుల షెడ్లలో ఉండేవారికి ఈ ఉత్తరం ఎంత దగ్గరగా తగులుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

రెండవ పని, తెలిసిన మాటలను తెలియనివిగా భావించి పరిశీలించడం. మన తెలుగు బైబిలు భాష పాతది, అందమైనది. అయితే అందులోని కొన్ని మాటలకు నేటి వాడుకలో అర్థం వేరు. మనం 'సమాధానం' అంటే ప్రశ్నకు జవాబు అనుకుంటాం; బైబిల్లో అది శాంతి. మనం 'నిరీక్షణ' అంటే ఎదురుచూడటం అనుకుంటాం; బైబిల్లో అది ఆశాభావం. ఈ గ్రంథపు మూలభాష అయిన హెబ్రీలో షాలోమ్ అనే ఒకే మాట ఈ అధ్యాయపు 7వ వచనంలో 'క్షేమం' అయింది, 11వ వచనంలో 'సమాధానం' అయింది. దీనిని గమనించినవారికి ఆ రెండు వచనాల మధ్య సంబంధం తెలుస్తుంది: దేవుడు తన ప్రజలకు ఉద్దేశించిన షాలోమునే, వారు తమను చెరపట్టిన పట్టణానికి కోరాలి. వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఇటువంటి మాటలు సులభంగా పట్టుబడతాయి. పాతదాన్ని మాత్రం విడిచిపెట్టకండి. కంఠస్థం చేయడానికి దాని లయకు సాటి లేదు.

ఎంత చదవాలన్న ప్రశ్న చాలామందిని వేధిస్తుంది. బైబిల్లో 66 గ్రంథాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఏడాదిలో పూర్తిచేయాలంటే రోజుకు మూడు అధ్యాయాలకు పైగా చదవాలి. గ్రంథమంతటి పరిచయానికి అది మంచిదే, కాని దానిని ధ్యానమని పొరపడకూడదు. ధ్యానానికి రూతు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక వంటి నాలుగేసి అధ్యాయాల గ్రంథాన్ని ఎంచుకోండి. మొదటిరోజు మొత్తం ఒకే విడతలో చదివి, ఆ తర్వాత రోజుకు మూడు నాలుగు వచనాల చొప్పున నెలరోజులు దానితోనే ఉండండి.

చదివేటప్పుడు పెదవులు కదలాలి. దివారాత్రము ధర్మశాస్త్రాన్ని ధ్యానించువాడు ధన్యుడని 1వ కీర్తన చెప్పినచోట హెబ్రీలో ఉన్న క్రియకు లోగొంతుకతో పలకడం అనే అర్థం ఉంది. గువ్వ మూలుగుకూ సింహపు గర్జనకూ యెషయా గ్రంథంలో అదే క్రియ వాడారు. మన జిల్లా చరిత్ర కూడా దీనికి సాక్ష్యమే. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అక్షరం రానివారు. వారికి వాక్యం చెవిద్వారా అందింది, నోటిద్వారా నిలిచింది.

ఇక నోటుపుస్తకం తప్పనిసరి. అందులో బోధలు రాయనక్కరలేదు, కంటబడినదీ అర్థం కానిదీ రాస్తే చాలు. ఉదాహరణకు 23వ కీర్తన తీసుకోండి. అందులో ఉన్నవి ఆరు వచనాలే, అందరికీ నోటికి వచ్చినవే. దానిని చేతితో రాసుకుంటూ, దేవుణ్ణి సూచించే మాటల కింద గీత గీయండి. మొదటి మూడు వచనాల్లో 'యెహోవా', 'ఆయన' అని ఉంటుంది. గాఢాంధకారపు లోయ వచ్చేసరికి 'నీవు' అవుతుంది. అంతదాకా దేవుణ్ణి గురించి మాట్లాడినవాడు చీకట్లో దేవునితోనే మాట్లాడుతున్నాడు. ఎన్నో ఏళ్లు ఆ కీర్తన వల్లించిన నాకు, చేతితో రాసిన రోజున గాని ఇది కనబడలేదు.

అదే కీర్తనలో "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అన్న మాట పక్కన నేను ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. పొదిలి దగ్గర ఎండాకాలపు మధ్యాహ్నం, కంటిచుట్టూ నల్లమచ్చ ఉన్న తెల్లటి జోడిపి గొర్రెలు తలలు ఒకదాని నీడలో ఒకటి దూర్చి నిలబడి ఉండగా, వాటిని కాస్తున్న పెద్దాయనను దాని గురించి అడిగాను. "గొర్రెను మనం పడుకోబెట్టలేం నాయనా. కడుపు నిండి, భయం లేకపోతే అదే పడుకుంటది" అన్నారు. ఆ మాటను తేదీతో సహా ప్రశ్నార్థకం పక్కనే రాసుకున్నాను. వ్యాఖ్యాన గ్రంథాలు అవసరమే, కాని మీ ప్రశ్న మీకు పుట్టిన తర్వాతే వాటిని తెరవండి. కొన్ని ప్రశ్నలకు జవాబు పుస్తకాల్లో కాక, మేకలు కాసేవారి దగ్గర, చేపలు పట్టేవారి దగ్గర, పొలంలో విత్తేవారి దగ్గర దొరుకుతుంది.

సమయం విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. వేకువ మంచిది, పొగాకు గ్రేడింగుకో, గ్రానైటు పనికో తెల్లవారకముందే బయలుదేరేవారికి రాత్రి మంచిది. ఫోను మరొక గదిలో ఉంటే చాలు. కొన్ని రోజులు తప్పిపోతాయి. తప్పిన రోజుల బాకీ తీర్చాలని ఒకేసారి పది అధ్యాయాలు చదవకండి. పెన్సిలు గుర్తు ఎక్కడ ఆగిందో చూసుకుని, ఆ వచనాన్నే మళ్లీ లోగొంతుకతో చదవడం మొదలుపెట్టండి.