పసిపిల్లలతో విదేశాల్లో ప్రయాణం: ఒకే రోజున అన్నీ తలకిందులైతే ఏం చేయాలి?

పారిస్‌లో హోటల్ ఖాళీ చేసి, గార్ ద లెస్ట్ స్టేషన్‌లో రైలెక్కి, సుమారు నాలుగు గంటల్లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ చేరుకుని, అదే రోజు విమానంలో హైదరాబాదుకు బయలుదేరడం కాగితం మీద చాలా సులువుగా కనిపిస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలు ఇద్దరు, నాలుగు పెట్టెలు, ఒక స్ట్రోలర్ వెంట ఉన్నప్పుడు మాత్రం అందులో ఒక్క మజిలీలో గంట ఆలస్యమైనా తర్వాతి మజిలీలన్నీ తప్పిపోతాయి. నిజానికి ఆ మొదటి ఆలస్యం కంటే, ఎలాగైనా పాత పథకాన్నే నిలబెట్టాలని పెద్దవాళ్లు పడే హడావిడి వల్ల జరిగే నష్టమే ఎక్కువ. పాస్‌పోర్టు జారిపోయేదీ, బిడ్డ చేయి విడిపోయేదీ ఆ హడావిడిలోనే. ఇక్కడ ఈ పారిస్–ఫ్రాంక్‌ఫర్ట్ దారినే ఉదాహరణగా తీసుకుని, ఏ దశలో ఏం చేయాలో చూద్దాం.

1. రైలునూ విమానాన్నీ ఒకే రోజున పెట్టుకోకండి

వీలైతే ముందురోజు సాయంత్రానికే ఫ్రాంక్‌ఫర్ట్ చేరి, విమానాశ్రయానికి దగ్గరలో పడుకోవడం మంచిది. ఒక రాత్రి గది అద్దె దండగ అనిపించవచ్చు కానీ, రైలు టికెట్టూ విమాన టికెట్టూ విడివిడిగా కొన్నప్పుడు రైలు ఆలస్యమైందన్న కారణంతో విమానం మీ కోసం ఆగదు, పోయిన టికెట్టుకు విమాన సంస్థ బాధ్యత వహించదు. నలుగురికి అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనడంతో పోలిస్తే ఆ గది అద్దె చాలా చిన్న మొత్తం. వీసా గడువు సరిగ్గా తిరుగు ప్రయాణం రోజుతోనే ముగిసేలా పెట్టుకోవద్దు. దరఖాస్తు సమయంలోనే నాలుగు రోజులు అదనంగా చూసుకోవాలి.

2. చేతిసంచి విడిగా సర్దుకోండి

పెద్ద పెట్టెలు ఎక్కడున్నా ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయేంత సామగ్రి ఒకే సంచిలో ఉండాలి. పిల్లలకు రెండు జతల బట్టలు ప్రతివారూ పెట్టుకుంటారు. పెద్దవాళ్లకు ఒక్కొక్క చొక్కా పెట్టుకోవడం మాత్రం చాలామందికి తోచదు, కానీ ఒళ్లో కూర్చున్న బిడ్డ వాంతి చేసుకుంటే ముందుగా తడిసేది అమ్మో, నాన్నో. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, తడి తుడుపు కాగితాలు, డైపర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, అటుకులు, వేయించిన శనగపప్పు వంటి పొడి తిండి, కొన్ని యూరో నాణేలు అందులో ఉంచాలి. అక్కడి స్టేషన్లలో చాలాచోట్ల మరుగుదొడ్డికి డబ్బు చెల్లించాలి. బిడ్డ ఆగలేని స్థితిలో ఉండగా చిల్లర కోసం వెతుక్కోవడం నరకం. పవర్‌బ్యాంకు కూడా ఈ సంచిలోనే ఉండాలి, ఎందుకంటే విమానంలో లగేజీకి వేసే పెట్టెలో దాన్ని అనుమతించరు.

యూరప్ విమానాశ్రయాల భద్రతా తనిఖీలో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి, ప్రయాణంలో పసిబిడ్డకు అవసరమయ్యే పాలకూ, ఆహారానికీ, మందులకూ వర్తించదు. సీసాను సంచి అడుగున దాచకుండా ముందే బయటికి తీసి చూపిస్తే పని త్వరగా తెములుతుంది.

3. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒక క్రమం పాటించండి

పారిస్ మెట్రో చాలా పాతది. 14వ లైను వంటి కొత్త మార్గాలను మినహాయిస్తే ఎక్కువ స్టేషన్లలో లిఫ్టు ఉండదు. స్ట్రోలర్‌తో మెట్లు దిగి ఎక్కడం కంటే బస్సులో వెళ్లడం నెమ్మదైనా నయం.

రైలు ఎక్కేటప్పుడు ముందు ఒక పెద్దవారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత పెట్టెలు, చివరగా రెండో పెద్దవారు ఎక్కాలి. దిగేటప్పుడు కూడా ఇదే వరుస. పెట్టెలన్నీ ముందు ఎక్కించి, పిల్లల కోసం వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకుపోతే ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ ఉండదు. మూడు నాలుగేళ్లు నిండిన పిల్లలకు ఈ మాట బయలుదేరే ముందే ఆటలాగా రెండుసార్లు చెప్పించాలి: "నేను ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే అక్కడే కూర్చుంటాను, నాన్న వెనక్కి వస్తాడు. రైల్లో ఉండిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడతాను." మరీ పసివాళ్లకు చొక్కా లోపలివైపు తల్లిదండ్రుల ఫోన్ నంబరును దేశం కోడ్‌తో సహా రాసిన చీటీని పిన్నుతో గుచ్చాలి. బిడ్డ కనిపించకపోతే మీరే అటూ ఇటూ పరుగెత్తకుండా, ఒకరు ఉన్నచోటే నిలబడాలి, మరొకరు స్టేషన్ సిబ్బందికి చెప్పాలి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలోనూ 112 అనే అత్యవసర నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పెట్టెలను మాత్రం ఎక్కడా ఒంటరిగా వదలవద్దు; యజమాని లేని పెట్టె కనిపిస్తే పోలీసులు ప్లాట్‌ఫాం ఖాళీ చేయిస్తారు, అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

4. రైలు ఆలస్యమైతే పరుగెత్తకుండా కౌంటరుకు వెళ్లండి

గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరతారని తేలితే, టికెట్టు డబ్బు వెనక్కి తీసుకోవడమా, మరో రైల్లో వెళ్లడమా అన్నది ఎంచుకునే హక్కు యూరోపియన్ రైలు నిబంధనల ప్రకారం ప్రయాణికులది. ఈ మార్గంలోని వేగపు రైళ్లకు ఫ్రాన్స్ వైపు సీటు రిజర్వేషన్ తప్పనిసరి కనుక, తర్వాతి రైలు కనపడగానే ఎక్కేయకుండా కౌంటరులో కొత్త సీట్లు రాయించుకోవాలి. ఒకరు వరుసలో నిలబడితే మరొకరు పిల్లలకు తిండి పెట్టాలి. నలుగురూ వరుసలో నిలబడాల్సిన అవసరం లేదు.

ఆలస్యం 60 నుంచి 119 నిమిషాలైతే టికెట్టు ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం పరిహారంగా అడగవచ్చు. అసాధారణ పరిస్థితులు కారణమైనప్పుడు మాత్రం ఇది వర్తించదు. ఆ దరఖాస్తును ఇంటికి వచ్చాక తీరిగ్గా పంపుకోవచ్చు, కానీ టికెట్టునూ, ఆలస్యాన్ని చూపే బోర్డునూ అక్కడే ఫోటో తీసుకోవాలి. పాస్‌పోర్టులు చేతికందే చోట ఉంచుకోవాలి, ఎందుకంటే 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నింటిలోనూ తనిఖీలు ప్రారంభించింది.

5. జ్వరం వస్తే మందు సీసా మీది అంకె చూడండి

మన దేశంలో పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ, 250 మిల్లీగ్రాములదీ రెండూ దొరుకుతాయి. అక్కడ కొన్న సీసాలో గాఢత ఇంకోలా ఉండవచ్చు. ఇంట్లో ఒక మూత ఇస్తాం కదా అని అక్కడా అదే మూత పోయడం ప్రమాదకరం. బిడ్డ బరువునూ, మీ డాక్టరు చెప్పిన మోతాదును మిల్లీగ్రాముల్లోనూ కాగితం మీద రాసుకుని ఫార్మసిస్టుకు చూపించాలి. ఫ్రాన్స్‌లో మందుల షాపుకు పచ్చని శిలువ గుర్తు, జర్మనీలో ఎర్రని ఏ అక్షరం ఉంటాయి. జర్మనీలో ఆదివారం సాధారణ దుకాణాలతో పాటు మందుల షాపులు కూడా ఎక్కువగా మూసి ఉంటాయి, అయితే ఆ రోజు తెరిచి ఉండే అత్యవసర షాపు వివరాలు మూసిన షాపు తలుపు మీదే అతికించి ఉంటాయి. వేళకాని వేళ ప్రాణాపాయం లేని అనారోగ్యానికి జర్మనీలో 116117కు ఫోన్ చేయాలి. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు తప్పనిసరిగా తీసుకునే 30,000 యూరోల బీమాలో అత్యవసర వైద్యం కూడా ఉంటుంది కనుక, బీమా సంస్థ ఫోన్ నంబరును కాగితం మీద కూడా రాసుకోవాలి.

6. పాస్‌పోర్టు పోతే

ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత భారత దౌత్య కార్యాలయం. పారిస్‌లో రాయబార కార్యాలయం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాన్సులేట్ ఉన్నాయి. స్వదేశానికి ఒకసారి ప్రయాణించడానికి అక్కడ అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. పిల్లల ఫోటోలు ఒక్కొక్కరివి నాలుగైనా, పాస్‌పోర్టు నకళ్లతో పాటు వేరే సంచిలో ఉంచుకుంటే సగం పని తప్పుతుంది.

7. విమానమే ఆలస్యమైతే

యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయలుదేరే విమానం ఏ సంస్థదైనా, విమాన ప్రయాణికుల హక్కులపై 2004 నాటి యూరోపియన్ నిబంధన వర్తిస్తుంది. హైదరాబాదు వంటి 3,500 కిలోమీటర్లు దాటిన గమ్యానికి బయలుదేరడం నాలుగు గంటలు ఆలస్యమైతే భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ గది, అక్కడికి వాహనం ఇవ్వాలి. కారణం మంచు తుపానైనా ఈ బాధ్యత తప్పదు. సంస్థ చేతిలో ఉన్న కారణంతో గమ్యానికి నాలుగు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే ఒక్కొక్కరికి 600 యూరోల పరిహారం వస్తుంది. మూడు నుంచి నాలుగు గంటల మధ్య అయితే అందులో సగానికి తగ్గించవచ్చు. సొంత టికెట్టు ఉన్న బిడ్డకూ పెద్దవారితో సమానంగానే వస్తుంది. గది కేటాయించే బల్ల దగ్గర పసిబిడ్డ ఉన్న సంగతి ముందుగా చెప్పి, ఊయల మంచం అడగాలి.

హైదరాబాదులో దిగాక పెట్టె రాకపోతే, బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి దాని నంబరు తీసుకోవాలి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు సంబంధించిన 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె విరిగి ఉంటే అందుకున్న 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. స్ట్రోలర్‌ను విమానం తలుపు దగ్గర అప్పగించి ఉంటే దాని చీటీని కూడా భద్రపరచాలి, ఎందుకంటే అది విరిగి వచ్చినా ఇదే 7 రోజుల గడువు వర్తిస్తుంది.