ఫొటో చూపించేటప్పుడు నోరు మూసుకోండి, చూసేటప్పుడు తెరవండి

"ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ఒకరు "సూపర్" అంటారు, పక్కనున్న ఒడియా ఆయన "భల హెయిఛి" అంటాడు, ఇంకొకరు బొటనవేలు బొమ్మ పంపిస్తారు. అందరికీ సంతోషమే. మీకు మాత్రం కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

నాది ఒడిశాలోని బరంపురంలో జాకెట్ల షాపు. ఫాల్స్, పీకో, లైనింగ్ అన్నీ చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, కటింగ్ బల్ల మీద గుడ్డలు తీసేసి, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లం అక్కడ చేరతాం. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉన్నారు, ఆయన్ని అందరం గురువుగారు అంటాం. కాలేజీ పిల్లలు, ఒక మందుల షాపాయన, సముద్రపు ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ నుంచి, చేపలు పట్టే వాడబలిజల కుర్రాడు ఒకడు, పర్లాకిమిడి నుంచి బస్సెక్కి వచ్చే టీచరమ్మ. మాటలు సగం తెలుగు, సగం ఒడియా. జాకెట్టు ట్రయల్ వేసినప్పుడు "బాగుందమ్మా" అని పంపించేస్తే పెళ్లిపీటల మీద చంక దగ్గర పట్టేస్తుంది. కుట్టు విప్పే వీలున్నప్పుడే ఎక్కడ పట్టిందో చెప్పాలి. ఫొటోకీ అంతే. ఆ చెప్పడం, చెప్పించుకోవడం మేము ఎలా చేస్తామో రాస్తున్నాను.

తెచ్చేవాళ్లకి

ఒక్క ఫొటో తెండి. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర అయ్యాక "యాత్రలో తీసినవి అప్పా, చాలా ఉన్నాయి, చూసి చెప్పు" అని ఫోను చేతిలో పెట్టే పిల్లలకి ఆ ఫోను అలాగే తిరిగిచ్చేస్తాను. ఏరుకోవడం తీసినవాళ్ల పని, సగం విద్య అందులోనే ఉంది. మరీ తేల్చుకోలేకపోతే దాదాపు ఒకేలా ఉన్న రెండు తెండి. అప్పుడు ఆ రెండింటి తేడా మీద మాట్లాడుకోవచ్చు.

తీసిన రోజే తేవద్దు. యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ తోపులాట, డప్పులు, పులివేషాల వెనక పరుగులు ఇంకా ఒంట్లోనే ఉంటాయి, అవన్నీ ఫొటోలోకి వచ్చేశాయనిపిస్తుంది. ఓ వారం పోనివ్వండి.

ఫోన్లో పంపితే ఒక సంగతి గుర్తుంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో బాగా కుదించుకుపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో పొడుగు 6000 పిక్సెళ్లుంటే, అవతలివాళ్లకి చేరేది 1600 దగ్గర. అది చూసి "షార్ప్‌గా లేదు" అన్నవాళ్లది తప్పు కాదు, మీ కెమెరాదీ తప్పు కాదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. కానీ అప్పుడు ఫొటో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా దాంతోపాటే అవతలివాళ్లకి చేరిపోతుంది. ఇంట్లో పిల్లల ఫొటోలకీ, పక్షి గూళ్ల ఫొటోలకీ పంపేముందు లొకేషన్ తీసేయండి.

మా బల్ల దగ్గర మాత్రం ప్రింటే. తెర మీద వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి ఏదైనా కళకళలాడుతుంది. కాగితం అబద్ధమాడదు. ల్యాబువాళ్లు అడక్కుండానే రెండు పనులు చేస్తారు, రెండూ వద్దని చెప్పండి. ఒకటి, కలర్ కరెక్షన్. మీరు కావాలని చీకటిగా తీసిన సాయంత్రాన్ని వాళ్ల మిషను మధ్యాహ్నం చేసేస్తుంది. రెండోది, అంచులు కొయ్యడం. ఫోను ఫొటో సాధారణంగా 4:3, ల్యాబు మామూలు సైజు 4×6. ఫోను ఫొటో అందులో నిండుగా పట్టాలంటే పొట్టి వైపు తొమ్మిదో వంతు కోసేయాలి. అడ్డంగా తీసిన ఫొటో అయితే కొప్పులో పూలు, కాలి పట్టీలు అక్కడే పోతాయి. ఫోను ఫొటోకి 6×8 అడగండి, సరిగ్గా పడుతుంది. కెమెరా ఫొటోకి 4×6 గానీ 8×12 గానీ.

ఇక ప్రశ్న. "ఈ ఫొటోలో ఫలానాది మీకు అందుతోందా?" అన్నట్టు ఒకటి అనుకుని రండి. ప్రింటు బల్ల మీద పెట్టి, ఆ ఒక్కటీ అడిగి, ఊరుకోండి. ఎవరు ఏమన్నా జవాబు చెప్పకండి. "అది కాదండీ, అప్పుడు ఏమైందంటే" అని మొదలెట్టారా, అక్కడి నుంచి మేం చూసేది మీ ముఖం, ఫొటో కాదు. మాట్లాడటానికి చివర్లో మీ వంతు ఉంది.

చూసేవాళ్లకి

మొదట ఎవరూ మంచి చెడ్డలు ఎత్తకూడదు. ఏం కనిపిస్తోందో చెప్పాలి, అంతే. కన్ను ముందు ఎక్కడ పడింది, తర్వాత ఎటు వెళ్లింది, ఎక్కణ్ణుంచి బయటికి జారిపోయింది. చిన్నపిల్లలాటలా ఉంటుంది గానీ, మిగతా పనంతా దీనిమీదే నడుస్తుంది. గోపాల్‌పూర్ కుర్రాడు తెచ్చిన ఒక ప్రింటు సంగతి చెబుతాను.

తెల్లవారు వేళ, ఒడ్డున అలివి వల లాగుతున్నారు. వాడి ప్రశ్న: "వల బరువు తెలుస్తోందా?" మందుల షాపాయనకి ముందు కనిపించింది కుడి మూల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. టీచరమ్మ కన్ను తాడు వెంట ఎడమ అంచు దాకా వెళ్లి బయటపడిపోయింది. కాలేజీ పిల్ల ఒకత్తె "ముందున్నాయన మెడ మీద గీత గీసినట్టుంది" అంది. చూస్తే నిజమే, సముద్రమూ ఆకాశమూ కలిసే గీత సరిగ్గా ఆయన మెడలోంచి పోతోంది. గురువుగారు చాలాసేపు చూసి, "బరువంతా మడమల్లో ఉంది రా బాబూ, ఇసకలో కూరుకుపోయుంటాయి. వాటిని సగానికి కోసేశావు" అన్నారు.

వాడి వంతు వచ్చాక చెప్పాడు: "మూడో ఆయన మా తాత. ఆయన కోసమే తీశాను." మేమెవ్వరం ఆ మూడో ఆయన్ని చూడనే లేదు. గోపాల్‌పూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఒడ్డు నుంచి తీస్తే మనుషులంతా ఎదురు వెలుగులో నల్లటి ఆకారాలైపోతారు. ఆ నలుపులో తాత ముందాయన భుజం వెనక కలిసిపోయాడు. వాడు మొదటే "మా తాత" అని ఉంటే అందరం తాతనే వెతికి, తాతనే చూసి, "ఎంత బాగున్నాడో" అని ఇళ్లకి పోయేవాళ్లం.

తర్వాత సలహాలు. వాడికి మేం చెప్పినవి రెండే. మోకాళ్ల మీద కూర్చుని తియ్యి. చదునైన ఒడ్డు మీద కెమెరా ఎంత ఎత్తులో ఉంటే సముద్రపు గీత మనుషుల మీద అంత ఎత్తులోనే పడుతుంది. నువ్వు నిలబడితే గీత వాళ్ల తలల్లోంచి, మెడల్లోంచి పోతుంది. కూర్చుంటే నడుము దగ్గరికి దిగి, తలలు ఖాళీ ఆకాశంలోకి వస్తాయి. ఇసక గట్టెక్కి తీస్తే గీత ఇంకా పైకి పోయి, మనుషులంతా నీళ్లలో కలిసిపోతారు. రెండోది, నాలుగడుగులు పక్కకి జరుగు, తాతకీ ముందాయనకీ మధ్య కాస్త వెలుగు కనబడాలి. డ్రమ్ము గురించి ఎవరూ మాట్లాడలేదు. పక్కకి జరిగితే అదే పోతుంది.

తప్పులు మూడు రకాలు. వంకర, కాస్త చీకటి, అంచున ఎవరిదో చెయ్యి లాంటివి ఇంటికెళ్లి ఫోన్లోనే సరిచేసుకోవచ్చు, వాటికి ఒక్క మాట చాలు. ఆ రోజు మబ్బేసిందనుకోండి, దానికెవరూ ఏమీ చేయలేరు, అసలు ఎత్తకండి. ఎక్కడ నిలబడ్డాడు, ఎప్పుడు నొక్కాడు, వెనకాల ఏముంది అనేవి మళ్లీ వెళ్లినప్పుడు మార్చుకోగలిగినవి. మీ మాటలన్నీ వీటికే ఖర్చు పెట్టండి. "కంపోజిషన్ వీక్" అనడం సులువు. "అడుగు ఎడమకి జరిగుంటే స్తంభం ఆవిడ తలలోంచి మొలిచేది కాదు" అనాలంటే ఫొటో నిజంగా చూడాలి.

మసకగా ఉందని ఊరికే అనొద్దు, ఏ మసకో చెప్పండి. ఫొటో మొత్తం ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యి వణికింది. వెనక గోడ స్పష్టంగా ఉండి వేషగాడి చేతులు మాత్రం చెదిరితే అతను కదిలాడు. వేషగాడు మెత్తగా ఉండి అతని వెనకున్నావిడ జడ పోగు పోగూ కనిపిస్తే ఫోకస్ తప్పింది. మూడింటికీ మందు వేరు. చెయ్యి వణికితే గోడకి ఆనుకోవాలి, లేదా షట్టర్ వేగం పెంచాలి. 50 ఎంఎం లెన్స్ అయితే 1/50 సెకను కన్నా నిదానంగా చేత్తో పట్టి తీయకపోవడం పాత లెక్క. మనిషి కదిలితే స్టాండు వేసినా లాభం లేదు, 1/250 దాకా వెళ్లాలి, దానికోసం కెమెరా వెలుగును పట్టే సున్నితం, అంటే ఐఎస్ఓ, పెంచి ఫొటోలో గింజల్లా వచ్చే చుక్కలు భరించాలి. ఫోకస్ తప్పితే రెండూ పనికిరావు, తెర మీద ముఖాన్ని తాకి తీయడం అలవాటు చేసుకోవాలి. ఇవన్నీ కలిపి "బ్లర్" అనేస్తే పాపం ఆ పిల్లాడు వెళ్లి స్టాండు కొనుక్కుంటాడు.

రంగుల విషయంలో నేను కాస్త కఠినం, నా వృత్తి అలాంటిది. మగ్గం మీద ఎర్ర పట్టు తీసినప్పుడు ఫొటో మొత్తం సరిగ్గానే కనబడుతుంది గానీ ఎరుపు మాత్రం ముద్దలా అయిపోతుంది, నేత కనబడదు, కుంభాల అంచుకీ చీర ఒంటికీ మధ్య పోగులు తెలియవు. ఎరుపు ఒక్కటీ హద్దు దాటిపోవడం వల్ల అలా అవుతుంది. కెమెరాలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు (హిస్టోగ్రామ్) మొత్తానికి ఒక్కటే గీస్తే అది తెలియదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా చూపించేది పెట్టుకోండి. ఫోన్లో అయితే చీర మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందకి లాగి తీయండి. అలా పోయిన నేతను మామూలు ఫొటో ఫైలులో, అంటే జేపెగ్‌లో, తర్వాత ఎంత గింజుకున్నా తిరిగి తేలేరు.

బల్ల మీద నా దగ్గర ఎప్పుడూ ఉండే సరంజామా: పాత శుభలేఖ అట్టలోంచి కోసిన మూల ఆకారపు ముక్కలు రెండు. వాటిని ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి జరుపుతుంటే ఎక్కడ కోస్తే బాగుంటుందో అందరికీ ఒకేసారి కనబడుతుంది, వాదన ఉండదు. ఇంకో కిటుకు, ప్రింటును తలకిందులు చేసి చూడటం. అప్పుడు మనుషులు, దేవుళ్లు, సముద్రం అన్నీ పోయి వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మిగులుతాయి. బరువంతా ఒక పక్కకి ఒరిగిపోయుంటే ఇట్టే దొరికిపోతుంది.

గొడవలొచ్చే చోట్లు

కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటిసారి ఒక్క సలహాయే ఇవ్వండి. ఐదు చెబితే ఏదీ గుర్తుండదు, మళ్లీ రారు. పెద్దవాళ్లతో వేరే చిక్కు: గురువుగారి ఫొటోని ఎవరూ ఏమీ అనరు. అందుకని నెలకోసారి ప్రింట్లన్నీ పేర్లు లేకుండా బోర్లించి పెట్టి, కలిపేసి, ఒక్కోటీ తిప్పుతాం. ఆయన ఫొటో కింద "ఇదెవరో తొందరపడి నొక్కారు" అని ఒక గుంటడు అన్నప్పుడు అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే.

రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట తీసిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ల ఫొటోలు వస్తే మేం ముందు అడిగేది వెలుగు ఎక్కడిదని. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేలు మీద ఫ్లాష్ కొడితే బెదిరి వెనక్కి పోతుంది. దాదాపు 45 రోజుల తర్వాత పుట్టే పిల్లలు సముద్రపు వెలుగనుకుని టార్చి వైపు నడుస్తాయి. ఫ్లాష్‌తో తీసిన ఫొటో ఎంత బాగున్నా మా బల్ల మీద దానికి చర్చ లేదు. కొందరికి ఇది అతి అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

మనుషుల ఫొటోలకి "అడిగి తీశావా" అన్న ప్రశ్న తప్పదు. చాటుగా తీసిన పేదవాడి ముఖం మీద గీతలు ఎంత కళాత్మకంగా ఉన్నా, ఆయన కూతురు చూస్తే ఏమనుకుంటుందో అని ఆలోచించండి. నలుగురికీ చూపించే ముందు ఒక 4×6 ప్రింటు ఆయన చేతిలో పెట్టి రండి. పది, ఇరవై రూపాయల పని. తర్వాతసారి వాళ్లే పిలిచి తీయించుకుంటారు.

ఇంటికెళ్లాక ప్రింటు వెనకాల మీ ప్రశ్న, వచ్చిన సలహాల్లో మీకు నచ్చినవి రాసుకోండి. నచ్చనివి వదిలేయండి, అందరి మాటా వింటే ఫొటో ఎవరిదీ కాకుండా పోతుంది. బాల్ పెన్ను వాడొద్దు, గట్టిగా నొక్కితే ముందువైపు గీతలు తేలతాయి. సీడీ మీద రాసే సన్న మార్కరు తెచ్చుకోండి, ఆరాకే దొంతర పెట్టండి. మళ్లీ తీసిన ఫొటో వచ్చినప్పుడు పాతదాన్నీ పక్కన పెట్టి చూపించాలి కాబట్టి పారేయకండి. మన దగ్గర వానాకాలంలో ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మధ్యలో బటర్ పేపరు వేసి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి ఉంచండి.